పావు మీద గోపురం

పోయిన ఆదివారం మా గదిలోకి ఒక అవెన్ దిగింది. గది అంటే అనంతపురంలో నేనూ, నాతో పనిచేసే ఇంకో అమ్మాయీ కలిసి అద్దెకుంటున్న రేకుల మేడగది. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం అందులో కూర్చుంటే మనుషులమే రెండువైపులా సమంగా ఎర్రబడతాం, మళ్ళీ వేరే అవెన్ దేనికని అడిగాను. ఆమె వినలేదు. గోడకు ఫోను ఆనించి, వీడియో పెట్టుకుని, పిండి పొట్లం ఒళ్ళో పెట్టుకుని, "కప్పు రాగిపిండంటే ఎన్ని గ్రాములే?" అంది. "ఎవరి బిడ్డకు?" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నన్ను ఎరిగినవాళ్ళతో ఉన్న తంటా ఇదే. నేను ఏడుస్తున్నా, వెనక ఏదో హాస్యం వస్తుందని కాసేపు ఓపిక పడతారు. కానీ ఆ మాట నేను హాస్యానికి అనలేదు, నోటికి అలాగే వచ్చింది. నాలుగేళ్ళ కిందట మా ఇంట్లో ఒక కప్పు పిండి ఎన్ని గ్రాములో తెలియక ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. ఆ పిల్ల నా చెల్లెలు.

మాది బెళుగుప్ప పక్కన ఒక ఊరు. పక్కన అని అంటామే గానీ మధ్యలో బోలెడంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వాన పడితే బుడ్డలు, అంటే వేరుశనగ, పడకపోతే గాలిమరలు. నాయన బోరుబండి మీద పనిచేస్తాడు. భూమికి చిల్లు పెట్టడం, నీళ్ళు పడకపోతే రైతు మొహం చూడకుండా గొట్టాలు సర్దుకోవడం ఆయన వృత్తి. అమ్మ ఇల్లూ చేనూ చూస్తుంది. అవ్వ, అంటే నాయన తల్లి, ఓపిక ఉన్నన్నాళ్ళూ సంతలో చింతపండూ బుడ్డలూ కొలిచి అమ్మింది. ఓపిక తగ్గాక ఇంట్లో మమ్మల్ని కొలవడం మొదలుపెట్టింది. నేను అప్పట్లో అనంతపురంలో డిగ్రీ చదువుతూ శనివారాలు ఇంటికి వచ్చేదాన్ని. చెల్లెలికి పన్నెండేళ్ళు.

ఆ ఏడు వేసవిలో ఆ పిల్ల నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం చూసే ఊళ్ళో అది ఆరోగ్య సమస్య కాదు, మర్యాద సమస్య. "ఈ పిల్ల కడుపులో యాడో చెరువు తవ్వుకున్న్యాది" అని అవ్వ నవ్వింది. మేమూ నవ్వాం. ఆ తరవాత పిల్ల చిక్కిపోయింది, రాత్రి పక్క తడిపింది, ఒకరోజు బడి నుంచి వచ్చి సంచి దించకుండానే గోడవారన జారగిలబడింది. ఆసుపత్రిలో చూస్తే చక్కెర జబ్బు. ముసలివాళ్ళకు వచ్చేది కాదు, పిల్లలకు వచ్చేది. ఒంట్లో తయారు కావలసిన ఇన్సులిన్ తయారు కావడం లేదు కాబట్టి సూదితో బయటి నుంచి పోయాలి. నాయన డాక్టరును ఒకటే అడిగాడు: "ఎన్నాళ్ళు సార్?" డాక్టరు ఉన్నన్నాళ్ళూ అన్నాడు. నాయన తల ఊపాడు. ఎంత లోతు వేసినా నీళ్ళు పడని చేను ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు కాబట్టి, వివరించమని అడగలేదు.

ఆ జబ్బులో ఇబ్బంది ఏమిటంటే తినకూడదనేది ఏదీ లేదు, కానీ తిన్నది ఎంతో తెలియాలి. తిన్న పిండిపదార్థానికి సరిపడా సూది. ఎక్కువ తిని సూది తక్కువైతే చక్కెర పెరుగుతుంది, నిదానంగా చెరుపు చేస్తుంది. తక్కువ తిని సూది ఎక్కువైతే చక్కెర పడిపోతుంది, అది నిదానం ఎరగదు. ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే మేడం ఒకావిడ ఇదంతా అమ్మకు బొమ్మలు గీసి చెప్పింది. పదకొండింటికి బడిలో తినడానికి అంగడి బిస్కెట్లు వద్దు, ఇంట్లోనే చేసి పెట్టమంది. రాగిపిండి ఇన్ని కప్పులు, బెల్లంపొడి ఇంత, వేయించిన బుడ్డల పొడి ఇంత, ఇన్ని బిస్కెట్లు చేస్తే ఒక్కోదానికి ఇంత సూది. కప్పు పిండి ఎన్ని గ్రాములో ఆవిడ పట్టికలో ఉంది. ఆ గ్రాముల మీదే సూది లెక్కంతా కట్టింది. "మీ ఇంట్లో కప్పు ఉందామ్మా?" అని అడిగింది. అమ్మ, మా ఇంట్లో పావు ఉందని చెప్పింది. పావు అంటే పావుశేరు కొలిచే ఇత్తడి పాత్ర. మా అమ్మమ్మ ఇచ్చింది, అడుగున సొట్ట ఉంటుంది. మేడం తెలివైన మనిషి, నోటిమాట నమ్మలేదు. మరుసటిసారి ఆ పావు తెప్పించి, దాని నిండా నీళ్ళు పోసి, ఆ నీళ్ళు తన కప్పులోకి వంచింది. అంచుకు అంచు సరిపోయింది. చుక్క మిగల్లేదు. "బ్రహ్మాండం, మీ పావే నా కప్పు" అంది. ఆ రోజు మేం ఇంటికి పరీక్ష పాసైనవాళ్ళలా వచ్చాం.

బిస్కెట్లు కాల్చడానికి మాకు అవెన్ ఎక్కడిది? పాత కుక్కరులో ఇసుక పోసి, విజిల్ తీసేసి, లోపల గిన్నె బోర్లించి దాని మీద పళ్ళెం పెట్టేది అమ్మ. మా ఏట్లో నీళ్ళు తప్ప ఇసుకకు ఎప్పుడూ లోటు లేదు. ఇసుక కాగి ఇల్లంతా ఎండిన ఏటి వాసన, దాని మీదుగా బెల్లం కరిగే వాసన, చివరికి బుడ్డల వాసన వచ్చేవి. మొదటి వాయి నల్లగా మాడింది. రెండో వాయి బిస్కెట్లతో అవ్వ తలుపుకు మేకు కొట్టొచ్చు అంది. మూడో వాయికి చెల్లెలు కళ్ళు మూసుకుని నమిలి, "అంగడివాటి కంటే బాగుండాయి" అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి పోయింది. జబ్బు వచ్చాక ఆ పిల్ల ఒక వస్తువును ఇష్టపడి తినడం అదే మొదలు.

తరవాతే లెక్క తప్పింది. అంతా చెప్పినట్టే చేస్తున్నా, బిస్కెట్లు తిన్న రెండు గంటలకు చూస్తే చక్కెర ఎక్కువ చూపిస్తోంది. రోజూ. డాక్టరు సూదుల చీటీ చూసి, పిల్లవైపు మెత్తగా వంగి, "బయట ఏమన్నా తింటున్నావా నాన్నా? తిన్నా ఏం కాదు, చెబితే చాలు" అన్నాడు. మంచి మనిషి, మంచి మాట. చెల్లెలు తినలేదంది. ఆ మాట డాక్టరు అక్కడితో వదిలేశాడు గానీ, నాయన బస్సెక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

మా నాయన చెడ్డవాడని ఎవరూ అనుకోవద్దు. ఆయనకు పిల్ల మీద కోపం కాదు, భయం. కానీ ఆయన భయానికీ కోపానికీ గొంతు ఒకటే. ఆ సాయంత్రం వసారాలో అందరి ముందూ దాని పుస్తకాల సంచి బోర్లించాడు. పుస్తకాలు, పెన్సిలు చెక్కుడు, ఎండిన నేరేడు గింజలు, ఒక నెమలీక. తినేది ఏదీ లేదు. దొరకలేదు కాబట్టి తినలేదని మామూలు మనిషి అనుకుంటాడు. బోరుబండి మనిషి అట్లా అనుకోడు. నీళ్ళు పడకపోతే ఇంకో వంద అడుగులు దించమంటాడు. "యాడ పెట్టినావు మే? ఎవరిస్తాండారు నీకు? చెప్తే కొట్టను."

"నేను తినల్యా నాయనా."

"తినకుండా ఎట్ల పెరుగుతాది? గాలి పీలిస్తే పెరుగుతాదా?"

"నాకేం తెలుసు? నేను తినల్యా."

అవ్వ మధ్యలో దూరి, "పసిబిడ్డ, తిన్నా తిన్న్యాది లే, ఇడ్సిపెట్రా" అంది. అవ్వ సాయం అట్లాగే ఉంటుంది, శిక్ష తగ్గిస్తుంది గానీ నేరం ఖాయం చేస్తుంది. చెల్లెలు ఏడవలేదు. నెమలీక తీసి పుస్తకంలో పెట్టుకుని, సంచి సర్దుకుంది. నేను, దొంగతనం చేసేంత తెలివి దీనికి లేదు నాయనా, ఉంటే లెక్కల్లో మార్కులు వచ్చేవి, అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో నా హాస్యానికి మార్కెట్ పడిపోయిన కాలం అది.

మరునాటికి ఇంట్లో చక్కెర డబ్బా లేదు, బెల్లం ముద్ద లేదు. బిస్కెట్లకు కావలసినంత బెల్లంపొడి మాత్రం ఏ పూటకాపూట నాయనే బయటి నుంచి తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాడు. చక్కెర పడిపోతే వెంటనే నోట్లో వేయమని ఆసుపత్రిలో ఇచ్చిన గ్లూకోజు డబ్బాను కూడా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాటికి కట్టుకున్నాడు. ఆ పెట్టెలో అంతకు ముందు పొలం కాగితాలు ఉండేవి. ఆ పొలం కంటే గ్లూకోజుకే ఎక్కువ గిరాకీ ఉందని నేనన్నాను. దానికీ ఎవరూ నవ్వలేదు. అప్పటికీ చక్కెర తగ్గకపోయేసరికి డాక్టరు బిస్కెట్ల వేళకు వేసే సూది మోతాదు పెంచాడు. పెంచాక అంకెలు దారికొచ్చాయి. ఇల్లు ఊపిరి పీల్చుకుంది. నాయన మాత్రం, పిల్ల తింటూనే ఉంది, మందు దాన్ని కప్పెడుతోంది అనే తీర్మానంలోనే ఉన్నాడు. తాళంచెవి మొలతాటికే ఉంది.

ఇంతలో నల్లమాడలో మా చిన్నమ్మకు కాన్పు వచ్చింది. అమ్మ వెళ్ళక తప్పదు. వెళ్ళేముందు బిస్కెట్లు చేయడం అవ్వకు అప్పజెప్పి, ఎన్ని పావులు ఏమిటో మూడుసార్లు చెప్పించుకుంది. సూది చెల్లెలే వేసుకోవడం నేర్చుకుంది. అన్నీ సర్దుబాటైనట్టే ఉంది. ఆ శనివారం నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ కొత్త వాయి దించి, గెలిచిన మొహంతో కూర్చుని ఉంది. బిస్కెట్లు మామూలు కంటే పల్చగా ఉన్నాయని నాకు అనిపించింది గానీ, అవ్వ చేతిది కదా, పొదుపు ఉంటుందిలే అనుకున్నాను. చెల్లెలు సూది వేసుకుని, రోజూ తినేటన్ని తినింది. బోరుబండి రిపేరులో ఉన్నందువల్ల నాయన ఇంట్లోనే ఉన్నాడు, వేపచెట్టు కింద బండి గొలుసు విప్పుకుని.

కాసేపటికి చెల్లెలు వసారాలోకి వచ్చి నాయనను "సార్" అని పిలిచింది. నేను పగలబడి నవ్వాను. చాలా రోజుల తరవాత ఇంట్లో ఒక మంచి హాస్యం పుట్టిందనుకున్నాను. అది మళ్ళీ, "సార్, నేను ఇంటికి పోతా" అంది. మొహమంతా చెమట. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. నిలబడినచోటే ఊగుతోంది. అప్పుడు నాయన గొలుసు వదిలేసి లేచాడు. అవ్వ "చక్కెర, చక్కెర" అని అరుస్తూ వంటింట్లోకి పోయింది. చక్కెర లేదు. నాయనే పారబోశాడు. అవ్వ వీధిలోకి పరిగెత్తింది. పక్కింటామె తలుపు తీసి, "ఎవురొచ్చినారవ్వా? కాఫీకా, టీకా?" అని అడగడం నాకు వసారాలోకి వినిపించింది. పెట్టె దగ్గర నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొలతాటి ముడి రాలేదు. తెంపాడు. తాళంచెవి తాళంలో దూరలేదు. రాయిని తొలిచే యంత్రాన్ని నిటారుగా నిలబెట్టగల చేతులు, ఆ రోజు వేలెడు తాళంచెవిని నిలబెట్టలేకపోయాయి. నేను చెల్లెల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాను. అది నా వైపు చూస్తోంది గానీ నన్ను చూడటం లేదు. "నాయనా, బిరీన" అన్నాను. "వస్తాండా, వస్తాండా" అన్నాడు, ఎవరికో ఫోనులో చెబుతున్నట్టు. తాళం ఊడింది. గ్లూకోజు పొడి తడి చేసి దాని చెంపల లోపల పూశాడు, మళ్ళీ పూశాడు, అది నాలుక కదిపే దాకా. మింగింది. కొంచెం నీళ్ళలో కలిపి గుక్క గుక్కగా తాగించాం. అవ్వ కొంగులో చక్కెర మూట కట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి చెల్లెలు, "ఎందుకంత మందున్నారు?" అని అడిగింది. నిజానికి పక్కింటామె కాఫీ గ్లాసుతో సహా వచ్చి నిలబడి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు, గండం గడిచిందన్నాడు. పెంచిన సూది తగ్గించాడు. కానీ నెమ్మదిగా ఉన్నవాడల్లా మొదటిసారి గొంతు పెంచి, ఏదో మారింది, అదేదో కనుక్కోకపోతే రేపు సూది ఎక్కువ వేయాలో తక్కువ వేయాలో నాకూ తెలియదు అన్నాడు. "ఏమీ మారలేదు సార్, అదే పిండి, అదే పావు, అదే కుక్కరు" అన్నాడు నాయన. మేడం ఆ రోజు సెలవు. దారిలో నాయన రెండుసార్లు చెల్లెలి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అది మేలుకునే ఉంది, చూస్తూనే ఉంది.

కబురు విని అమ్మ కదిరి మీదుగా బస్సులు మారి మారి వచ్చింది. వచ్చీ రాగానే పిల్లను తడిమి చూసుకుని, వంటింట్లోకి పోయి అవ్వ ముందు పావు పెట్టింది.

"ఎట్ల చేసినావత్తా? చేసి చూపించు."

"నువ్వు చెప్పినట్లే చేసినా. పావులు లెక్కపెట్టే పోసినా. విషం కలిపినాననుకుంటివా?"

"నేనట్ల అన్నానా? పోసి చూపించు అంటాండా."

"ఏమ్మే, నువ్వు ఈ ఇంటికి రాకముందు నుంచి సంతలో కొలిసినదాన్ని. నాకు నువ్వు కొలత నేర్పిస్తావా?"

అంటూనే అవ్వ పావును పిండిలో ముంచింది. పైకి లేపి, అలవాటైన చేత్తో, అరచేయి అంచుకు ఆనించి ఒక్క తుడుపు తుడిచింది. పైన పిండి పళ్ళెంలో రాలింది. పావు అంచు దాకా సమంగా, కోసినట్టు నిలిచింది. మేడం చూస్తే ముద్దు పెట్టుకునేది. అమ్మ మాత్రం అవ్వ చెయ్యి పట్టుకుని, నేను ఎప్పుడూ వినని గొంతుతో అరిచింది.

"నా బిడ్డకు తలగొట్టి పోసినావా అత్తా! బిడ్డకు ఎవురన్నా తలగొట్టి పోస్తారా?"

ఇది మావైపు పద్ధతి తెలియనివాళ్ళకు చెప్పాలి. పావుతో గానీ శేరుతో గానీ ఏది కొలిచినా రెండు రకాలు. అంచు మీద మిగిలింది అరచేత్తో తుడిచేస్తే తలగొట్టిన కొలత. అది అమ్మకానికి, అప్పుకు, పరాయివాళ్ళకు. ఇంట్లోవాళ్ళకు, అందునా కడుపున పుట్టినవాళ్ళకు, గోపురంగా పోయాలి. పిండి అంచు దాటి పైకి లేచి, ఇంక నిలబడలేక జారే దాకా. బిడ్డకు పోసే పావుకు తలగొడితే ఆయుష్షుకు తలగొట్టినట్టని మా అమ్మమ్మ చెప్పేదట. అమ్మ ఆ మాట మేడంకు చెప్పలేదు. అన్నం నోటితోనే తినాలని ఎవరూ ఎవరికీ చెప్పరు కదా, అది అంత తెలిసిన సంగతి.

"సంతలో తలగొట్టకుంటే ఇల్లు మునుగుతాది" అంది అవ్వ, కొంచెం తగ్గి.

"ఇది సంతా? ఇది సంతా అత్తా?"

మంచం మీది నుంచి చెల్లెలు, "అమ్మా, నువ్వెట్ల పోస్తావు?" అని అడిగింది. అమ్మ ఏడుస్తూనే పావు అందుకుంది. పిండిలో ముంచి లేపింది. ఎడమచేత్తో ఇంకొంచెం ఎత్తింది, వేళ్ళతో మెల్లగా తట్టి కుదించింది, దాని మీద ఇంకొంచెం. పావు మీద ఒక బారెడు భక్తితో కట్టిన బుల్లి గోపురం లేచింది. అది జారకుండా కింద అరచేయి పట్టి, అలాగే పట్టుకుని, మా అందరి వైపూ చూసింది. తన చేతిలో ఉన్నదేమిటో తనకూ అప్పుడే కనిపించినట్టుంది. పక్కనున్న అంగడికి పోయి తూకం యంత్రం తెచ్చాను. అమ్మ మూడు పావులు, అవ్వ నాలుగు పావుల కంటే ఎక్కువ తూగాయి. ఇన్నాళ్ళూ పిల్ల తిన్నది మేడం పట్టికలో ఉన్న పిండి కాదు, దాని మీద కట్టిన గోపురంతో కలిపి. ఆ గోపురానికి సరిపడా డాక్టరు సూది పెంచాడు. ఆ సూది వేసుకుని పిల్ల తలగొట్టిన పావు తినింది. ఇంత తెలివైన మేడం నీళ్ళు పోసి సరిచూసింది. నీళ్ళు గోపురంగా నిలవవు. కరువు సీమలో పుట్టి నీళ్ళ సంగతి అంతమాత్రం మాకూ తోచలేదు.

"అయితే నేను తినల్యా" అంది చెల్లెలు. ఆ అనడం మాకు చెప్పినట్టు లేదు, తనకే కొత్తగా తెలిసినట్టుంది. "నిద్దట్లో లేసి తింటాండానేమో అనుకున్యా నాయనా. పొద్దున లేస్తానే నోరు సూసుకుంటాంటి."

నేను ఏదైనా అనాలి. ఇలాంటి చోట ఏదో ఒకటి అనడమే ఇంట్లో నా ఉద్యోగం. ఆ రోజు సెలవు పెట్టాను. నాయన పెట్టెలోంచి గ్లూకోజు డబ్బా తెచ్చి దాని తలదిండు పక్కన పెట్టాడు. తాళాన్నీ చెవినీ కలిపి కిటికీలోంచి కంపచెట్ల వైపు విసిరాడు. ఆ తరవాత వేపచెట్టు కిందికి పోయి, అప్పటికే బిగించేసిన గొలుసును మళ్ళీ విప్పాడు. క్షమించమని అనలేదు. మావైపు నాయనలకు ఆ మాట పలకదు, నాలుక కింద బండ అడ్డం పడుతుంది.

అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒకరు తింటే భయం, ఒకరు తినకపోతే భయం, ఈ ఇంట్లో హాయిగా తినేది నేనొక్కదాన్నే అన్నాను. అవ్వ నవ్వింది. అమ్మ నవ్వలేదు గానీ, ముద్ద నోట్లో పెట్టుకుంది. తూకం యంత్రం ఒకటి కొన్నాం, మేడం కప్పులన్నీ గ్రాముల్లోకి మార్చి రాసిచ్చింది. అదంతా సులభం. కష్టం వేరే ఉంది. తూకం మీద అంకె దాటితే, పోసినదాంట్లోంచి వెనక్కి తీయాలి. బిడ్డకని పోసినదాంట్లోంచి వెనక్కి తీయడం, తలగొట్టడం కంటే పాడు పని. అమ్మ యంత్రం ముందు కూర్చుని చెయ్యి రాక అలాగే చూస్తుండేది. చివరికి తనే ఒక దారి వెతుక్కుంది. మొదట అంకెకు బాగా ఇవతలే ఆగుతుంది. ఆ తరవాత చిటికెలు. చిటికె వేసి అంకె చూస్తుంది, ఇంకో చిటికె. ఒక వాయి పిండి తూచడానికి ఆమెకు పట్టే సేపట్లో నాయన ఒక బోరు ముగించుకు రావచ్చు. అంకె సరిపోయాక, చేతిలో మిగిలిన పిండిని పిల్ల నెత్తి చుట్టూ ఒకసారి తిప్పి, కొసరని పక్క గిన్నెలో వేస్తుంది. ఆ కొసరు పిండితో చేసిన బిస్కెట్లు నావి. చెల్లెలి ఆయుష్షు కోసం నేను ఆ ఏడాది బాగా లావయ్యాను.

ఇప్పుడు చెల్లెలికి పదహారేళ్ళు. బడి మారింది, సూది పరికరం మారింది, కళ్ళద్దాలు వచ్చాయి. అంకెలు చాలా వరకు దారిలోనే ఉంటాయి, అప్పుడప్పుడూ కారణం లేకుండా పెరుగుతాయి. జలుబు చేసినా పెరుగుతాయి, పరీక్షలప్పుడు పెరుగుతాయి, ఆ వయసులో పెరగడానికి కారణమే అక్కర్లేదని డాక్టరు అంటాడు. అట్లాంటప్పుడు నాయన ఏమీ అడగడు. అడగకుండా ఉండటానికి ఆయన పడే అవస్థ చూడాలి. లేచి నిలబడతాడు, కూర్చుంటాడు, వాన పడేటట్టుందా అని ఆకాశం చూస్తాడు, మా ఊళ్ళో, నడివేసవిలో. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు కూడా అంతే అయింది. మధ్యాహ్నం చెల్లెలు వేలు గుచ్చుకుని చూసుకుంది. అంకె పెద్దది. నాయన వాకిట్లో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు, దారం మాత్రం ఆగింది. చెల్లెలు లోపలి నుంచే, మామూలు గొంతుతో, "నేనేం తినల్యా నాయనా" అంది. "నేనడగల్యా గదమ్మా" అన్నాడు నాయన, చాలా మెల్లగా. అనుమానం పుట్టడానికి మా ఇంట్లో ఒక సాయంత్రం సరిపోయింది. పోవడానికి ఎంతకాలం పడుతుందో తెలియదు, ప్రస్తుతానికి నాలుగేళ్ళయింది.